ఏడోసారి ఊడిన తాళం

నా తాళాల గురించి నేను చెప్పిన కథల్లో ఒక్కటి తప్ప ఏదీ నిజం కాదు. ఆ నిజమైనదాన్నే అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పాను. జనం అన్నిటికంటే ఎక్కువగా నవ్వింది కూడా దానికే.

తాళాలు బాగుచెయ్యడం నా పని. బజారు మలుపులో నాలుగడుగుల కొట్టు, ఒక వైస్, పద్దెనిమిది ఆకురాళ్ళు, గోడమేకులకి గుత్తులు గుత్తులుగా వేలాడే పాత తాళంచెవులు. తాళం ఇచ్చినవాళ్ళు అది బాగయ్యేదాకా ఊరికే నిలబడాలి కదా, వాళ్ళకి పొద్దుపోవడానికి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నేను చేసిన తాళం తియ్యడానికి వచ్చిన దొంగ ఒకడు, ఎంతకీ అది రాకపోయేసరికి ఆ గుమ్మం ముందే కాపురం పెట్టేశాడనీ, అక్కడే పిల్లలు పుట్టారనీ, ఆ పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళూ తలా ఒక చెయ్యి వేశారనీ, ఆఖరికి ఇంటివాళ్ళే జాలిపడి తలుపు తీసి మంచినీళ్ళిచ్చారనీ చెబుతుంటే, బాగైన తాళం చేతిలో పెట్టినా జనం కదిలేవాళ్ళు కాదు.

“తర్వాతేమైంది?” అనేవారు.

“తర్వాతేముంది, ఆ దొంగ చిన్నకొడుకు నా దగ్గరే పనికి చేరాడు,” అనేవాణ్ణి.

ఇలాంటివి ఎన్ని చెప్పినా ఎవరికీ నష్టం లేదు. లేని దొంగ, లేని పిల్లలు. కానీ ఉన్న మనిషి మీద కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఆ మనిషి మా ఆవిడ.

మా ఇల్లు కొట్టుకి ఎదురువరసలో, మేడమీద. గుమ్మం నుంచి వీధిలోకి పద్నాలుగు మెట్లు. నా కొట్టుని ఆనుకునే టీ దుకాణం. దాని బెంచీ మీద కూర్చుంటే మా గుమ్మం సినిమా తెరలాగా కనబడుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆట మొదలు. మా ఆవిడ అప్పట్లో నోటుపుస్తకాలు కుట్టే బైండింగు షాపులో పనిచేసేది. తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, చెవి తీసి సంచిలో పడేసి, అప్పుడు తాళంకప్పని గుప్పిట్లో పట్టుకుని కిందికి లాగేది. ఒకసారితో సరిపెట్టేది కాదు. ఆరుసార్లు. టక్, టక్, టక్ అని వీధిలోకి వినబడేది. ఒక్కోరోజు రెండు మెట్లు దిగి, ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి లాగేది.

“ఏం బావా, మీ కప్ప ఇవాళ ఇంకా అరవలేదే?” అనేవాడు పక్క కొట్టు దర్జీ. మా ఆవిడకి పెదనాన్న కొడుకు. చెల్లెలన్న ప్రేమ ఉంది, బావన్న భయం లేదు.

“వాన పడాలిగా,” అనేవాణ్ణి నేను.

“అదిగో, ఇన్‌స్పెక్టరుగారు డ్యూటీ ఎక్కారు!” అనేవాడు టీ దుకాణం యజమాని. వీధి మొత్తానికి అతను బాబాయి. ఇన్‌స్పెక్టరు అన్న పేరు పెట్టింది మాత్రం నేనే. ఆరునెలలు తిరక్కుండా ఆవిడ అసలు పేరు వీధిలో మాయమైపోయింది.

నవ్వుతూ అన్నానే గానీ, నాకు లోపల ఉడుకు కూడా ఉండేది. ఆ తాళం నేను నా చేత్తో చేసింది. ఊళ్ళోవాళ్ళు నా తాళం మీద భరోసాతో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పోతుంటే, నా పెళ్ళాం దాన్ని పట్టుకుని ఆరుసార్లు ఊపుతుందా? హోటలు వంటవాడి భార్య రోజూ పక్క హోటల్లో భోంచేసి వస్తే ఆయనకెలా ఉంటుంది? నా పనితనం మీద ఆవిడకి నమ్మకం లేదనుకున్నాను. అంతకంటే ఇంకేమీ తట్టలేదు నాకు. ఇద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు కూడా ఆటే. సగం దారిలో ఆవిడ ఆగి “తాళం వేశానా అండీ?” అని అడిగితే, “వెయ్యలేదు, నేను చూశాగా!” అనేవాణ్ణి. ఆవిడ ముఖం తెల్లబోయేది. వెనక్కి పరిగెత్తేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

ఇక ఆ నిజమైన కథ.

తాళంకప్పకి పైన వంకీ ఉంటుంది కదా, దాని కొన దగ్గర ఒక గాడి ఉంటుంది. తాళం వేసినప్పుడు లోపలి నాలుక వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. గాడి అంచు నిట్టనిలువుగా ఉంటే ఏనుగు లాగినా రాదు. ఆ అంచుని ఆకురాయితో కాస్త ఏటవాలు చేశామనుకోండి, లాగినప్పుడల్లా నాలుక వెంట్రుకవాసి వెనక్కి జారుతుంది. జారి జారి ఏదో ఒక లాగుకి తాళం చేతిలోకి ఊడివస్తుంది. మా గుమ్మం తాళానికి అచ్చంగా కవలలాంటిది, అదే చెవితో తెరుచుకునేది ఇంకోటి చేసి, దాని గాడిని మూడురోజులు అరగదీశాను. లాగడం, లెక్కపెట్టడం, మళ్ళీ రెండు రుద్దులు రుద్దడం. ఆరో లాగుకి ఊడేలా కొలత కుదిర్చాను. జీవితంలో ఏ తాళానికీ అంత శ్రద్ధ పెట్టలేదు.

ఒకసారి ఊడితే బెదిరి, తర్వాత నవ్వేసి, ఇక లాగడం మానేస్తుందని ఆ పని చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నాకు కొత్త కథ కావాలి, అంతే.

ఆ పొద్దున్న టీ దుకాణం బెంచీ నిండిపోయింది. ముందురోజే అందరికీ చెప్పి, రాత్రి గుమ్మం తాళం తీసి దాని చోట కవలని పెట్టి ఉంచాను. ఆవిడ తాళం వేసింది. లాగింది. మేము పెదాలతో లెక్కపెడుతున్నాం. నాలుగు. అయిదు. ఆరు. తాళం ఊడలేదు. దర్జీ నన్ను మోచేత్తో పొడిచి, “నీ పనితనం ఇంతేనా బావా?” అన్నాడు. ఆవిడ రెండు మెట్లు దిగింది. ఆగింది. తిరిగి చూసింది. మళ్ళీ పైకెక్కి ఏడోసారి లాగింది.

ఊడింది.

బెంచీ బెంచీ అంతా గొల్లుమంది. బాబాయి టీ గ్లాసు వదిలేశాడు. ఆవిడ ఆ గోల వినే స్థితిలో లేదనుకుంటాను. నేను నవ్వు మింగి, ఏమీ ఎరగనట్టు వీధి దాటి, మెట్లెక్కి వెళ్ళాను. ఆవిడ చేతిలో ఊడిన తాళం ఉంది.

“లాగితే వచ్చేసిందండీ,” అంది. గొంతు పిల్ల గొంతులా ఉంది.

“నేను చేసిన తాళం ఊడటమేమిటి? నువ్వు సరిగ్గా వేసి ఉండవు,” అన్నాను.

ఆ సాయంత్రమే అసలు తాళం మళ్ళీ పెట్టేశాను. కవలని విరగ్గొట్టి పాత ఇనుములో పడేశాను. కథ మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. ఇరవై రెండేళ్ళు చెప్పాను. మెట్లెక్కి ఆవిడతో నేనన్న ఆ ఒక్క మాటని మాత్రం ఎప్పుడూ అందులో కలపలేదు. గొల్లున నవ్వడంతో కథ అయిపోయేది.

అక్కడితో అయిపోనిది మా ఇంట్లో. ఆరుతో సరిపోయే లాగుడు ఏడయింది. ఆ ఏడు కూడా మళ్ళీ మళ్ళీ అయింది. ఆలస్యంగా వస్తోందని ఆరునెలలకి బైండింగు షాపులో పని పోయింది. తాళం తర్వాత గ్యాసు స్టవ్వు, దాని తర్వాత నీళ్ళ కుళాయి. బస్సు ఎక్కబోతూ వెనక్కి పరిగెత్తడం, టిక్కెట్టు తీసుకున్నాక దిగిపోవడం. వాటన్నిటికీ నా దగ్గర కథలున్నాయి, వాటన్నిటికీ బెంచీ నవ్వింది. పోయిన సంవత్సరం వాళ్ళక్కకి బాగా లేదు, వెంటనే రమ్మని కబురొచ్చింది. ఆ రోజు బస్టాపు నుంచి మూడుసార్లు ఇంటికి తిరిగొచ్చింది. మేము చేరేసరికి వాళ్ళక్క పోయి గంటన్నర. దాని మీద కథ చెప్పడానికి నోరు రాలేదు నాకు.

ఆ తర్వాత ఒక రోజు మా అమ్మాయి వచ్చి తల్లి కుడిచెయ్యి తిప్పి చూసింది. అరచేయి మధ్య కాయ కాసి, పగిలి, రక్తం చెమ్మ కనబడుతోంది.

“ఇదేంటి నాన్నా?”

“ఇన్‌స్పెక్టరు కదమ్మా. లాఠీ తిప్పీ తిప్పీ...”

“నాన్నా, ఆపు!” అంది. పెళ్ళయిన కూతురు తండ్రి మీద అలా అరవడం అదే మొదటిసారి. “ఇది మొండితనం కాదు. జబ్బేమో అనిపిస్తోంది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, నువ్వూ వస్తున్నావు.”

“పిచ్చి డాక్టరు దగ్గరికా?”

“మనసు డాక్టరు దగ్గరికి. నీకూ ఒకటుంటే అక్కడే తెలుస్తుంది.”

డాక్టరమ్మ మా అమ్మాయికంటే చిన్నది. గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీకి లేతరంగు తెర. మా ఆవిడ కుర్చీ అంచున కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. డాక్టరమ్మ ముందు నన్నడిగింది: “చెప్పండి పెద్దాయనా, ఇంట్లో ఏం గమనించారు?”

నా నోరు దాని దారిన అది బయలుదేరింది. “ఏం చెప్పమంటారమ్మా! తాళం వేసి వందసార్లు లాగుతుంది. ఒకసారి ఆ లాగుడికి తాళం రాలేదు గానీ, తలుపుతో సహా గోడ వచ్చేసి...”

డాక్టరమ్మ కలం ఆగింది. నవ్వలేదు. “నిజంగా వందా?” అని అడిగింది.

నాకు తెలియదు. ఎదురుగా కొట్టు పెట్టుకుని ఇన్నేళ్ళు చూసిన మనిషిని, ఎన్నిసార్లో నాకు తెలియదు. నా కథల్లో వందలే ఉన్నాయి.

“నలభై తొమ్మిది,” అంది మా ఆవిడ తలెత్తకుండా. “ఏడేసి చొప్పున ఏడుసార్లు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదట్నించి.”

“లాగేటప్పుడు మనసులో ఎలా ఉంటుందమ్మా?”

పెళ్ళై నలభై ఏళ్ళు దాటింది. ఆ ప్రశ్న నేనెన్నడూ అడగలేదు. మా ఆవిడ వేలికి చుట్టిన కొంగుని మెల్లగా విప్పింది, ఎవరైనా అడిగితే చెబుదామని ఎప్పుడో సర్దిపెట్టుకున్న మాటల్ని వెతుక్కుంటున్నట్టు.

“వేశానని తెలుసమ్మా. కళ్ళతో చూస్తూనే ఉంటాను. చెయ్యి మాత్రం నమ్మదు. అలా దిగిపోతే లోపల ఏదో ఘోరం జరిగిపోతుందనీ, అది నావల్లే జరిగిందంటారనీ... గుండె పట్టేస్తుంది. లాగితే కాస్త నెమ్మదిస్తుంది. నాకు ఇష్టమై చెయ్యడం లేదమ్మా. సిగ్గేస్తుంది. ఎదురుగా టీ కొట్టుంది. అందరూ చూస్తారు.”

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను తెరకున్న పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ చెప్పింది: “ఓసీడీ అనే జబ్బు ఒకటుంది. అదే అయ్యుండొచ్చు. ఇంకో రెండుసార్లు మాట్లాడాక గట్టిగా చెబుతాను. అక్కర్లేదని తెలిసినా వదలని ఆలోచన, దాన్ని అణచడానికి మళ్ళీ మళ్ళీ చేసే పని. చేసినప్పుడు నెమ్మదిగా ఉంటుంది, కానీ చేసినకొద్దీ ఆలోచన బలపడుతుంది. మీ తప్పు కాదమ్మా. చాలామందికి ఉంటుంది, వైద్యమూ ఉంది. మొదట్నించీ ఏడేనా?”

“కాదమ్మా. ఇదివరకు ఆరు. మంచి రోజుల్లో రెండుతో కూడా వెళ్ళిపోయేదాన్ని. కానీ ఒకసారి నిజంగానే ఊడింది.”

నేను జేబులోని తాళంచెవుల్ని వేళ్ళతో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“ఆరు లాగి దిగిపోయాను. ఏదో అనిపించి వెనక్కి వెళ్ళి ఏడోసారి లాగితే చేతిలోకి వచ్చేసింది. వెళ్ళకపోయి ఉంటే? ఈయన కూడా అన్నారు, నేను సరిగ్గా వెయ్యలేదని. ఈయన చేసిన తాళంలో లోపముండదు కదా. నా చేతిలోనే ఉంది లోపం. అప్పట్నించీ ఇక ఆరుతో దిగలేకపోయాను.”

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “ఆ తాళం ఎందుకు ఊడిందంటారు?”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కూతురుంది, డాక్టరుంది, తలుపు వేసి ఉంది. మా ఆవిడ కూడా నా వైపు చూస్తోంది, జవాబు కోసం కాదు, లోపం తన చేతిలోనేనని నేను కూడా ఔనంటానని.

“పాతబడిందేమోనమ్మా,” అన్నాను.

డాక్టరమ్మ మాత్రలు రాసి, ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని చెప్పింది. నలభై తొమ్మిదిని ఏడుకి తగ్గించాలి. ఏడు లాగి వీధి చివరిదాకా నడవాలి. కంగారు వస్తుంది, దాన్ని రానిచ్చి, దానంతటది దిగేదాకా ఓర్చుకోవాలి. “వేశానా?” అని అడిగితే మేము ఔననీ కాదనీ చెప్పకూడదు. ఎగతాళి అసలు చెయ్యకూడదు. ఆ చివరి ముక్క అన్నప్పుడు డాక్టరమ్మ ఎవరి వైపూ చూడలేదు.

మా ఆవిడ నాలుగురోజులు ప్రయత్నించింది. మా అమ్మాయి రోజూ వచ్చి మెట్ల కింద నిలబడేది. మా ఆవిడ ఏడు లాగేది. అయిదో మెట్టు దాకా వచ్చేది. అక్కడ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయేది. పెదవులు పాలిపోయేవి.

“ఏం కాదమ్మా, రా,” అనేది మా అమ్మాయి.

“ఒకసారి ఊడింది కదే!”

“ఇరవై రెండేళ్ళలో ఒక్కసారేగా!”

“ఒక్కసారి చాలదా?” అని వెనక్కి ఎక్కేసేది.

నాలుగోరోజున మెట్ల మీదే కూర్చుని, “నావల్ల కాదు. డాక్టరమ్మ చెప్పేది ఉత్త భయంతో లాగేవాళ్ళకి. నాది ఉత్త భయం కాదు, నాకు జరిగింది. ఇక నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకండి,” అంది. ఆ మాట నేను వీధికి ఇవతల, కొట్టు గుమ్మంలో నిలబడి విన్నాను. ఆవిడ బయటికి వచ్చే దారిలో అడ్డంగా ఉన్నది నేను అరగదీసిన గాడి. ఆ అడ్డు తియ్యగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

దర్జీ దగ్గరికి వెళ్ళి, మా ఆవిడకి నిజం చెప్పేస్తానన్నాను. అతను కత్తెర కింద పెట్టేశాడు.

“నీకు మతిపోయిందా బావా? ఈ వయసులో గెంటేస్తే ఎక్కడుంటావు? నా కొట్లో పడుకుందువా, చోటు లేదు. అయినా నువ్వు చెబితే ముందు నా గొంతు పట్టుకుంటుంది. నేనూ చూశాగా.”

“చెప్పకపోతే ఇక డాక్టరు దగ్గరికి రానంటోంది.”

అతను కొలతటేపు చుట్టి బల్లమీద పెట్టి, “నేను ఊళ్ళో లేనని చెప్పు,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను. కవల తాళం, మూడురోజులు, ఆరుకి పెట్టిన కొలత ఏడుకి తప్పడం, అన్నీ. తువ్వాలు మడత సగంలో ఆపి వింది. నేను ఆగాక, చిన్నగా నవ్వింది. నన్ను ఓదారుస్తున్న నవ్వు.

“నాకోసం కథ కట్టారా?” అంది.

“కథ కాదే. నిజం.”

“దొంగ కాపురం పెట్టినదానికంటే బాగుంది. గాడి అదీ చక్కగా కుదిరింది.” తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. “ధైర్యం చెప్పాలనుకున్నారు, సంతోషం. కానీ నాకు తెలుసండీ. ఆ రోజు నేనే సరిగ్గా వెయ్యలేదు.”

ఒట్టు వేశాను. నా ఒట్లన్నీ ఆవిడకి తెలుసు. నలభై ఏళ్ళలో నేను ఒట్టు వేసి చెప్పిన అబద్ధాలతో ఒక సంచి నింపొచ్చు. జీవితంలో ఒక్క నిజం చెప్పాల్సి వచ్చిననాడు, నా నోట్లో అది కూడా కథలాగే మోగింది. అక్కడినుంచి లేచి వీధి దాటాను.

టీ దుకాణం బాబాయినీ దర్జీనీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ముగ్గురు ముసలివాళ్ళం ముందుగదిలో గోడకి ఆనుకుని, బడిలో పంతులుకి దొరికిపోయిన పిల్లల్లా నిలబడ్డాం. ఆవిడ ఆశ్చర్యపోయి, “కూర్చో అన్నయ్యా,” అంది. దర్జీ కూర్చోలేదు.

“బావ చెప్పింది నిజమే చెల్లెమ్మా,” అన్నాడు నేలకేసి చూస్తూ. “ఆ రోజు నీ చేతిలో ఆకుపచ్చ గుడ్డసంచి ఉంది. తాళం ఊడగానే సంచి కింద పెట్టావు. పెట్టి, ఎడంచేత్తో తలుపుని అదిమి పట్టుకున్నావు, లోపల్నించి ఎవరో తోస్తున్నట్టు. మేము... మేము చూస్తూ ఉన్నాం.”

ఆ సంగతి నాక్కూడా గుర్తు లేదు. నా కథలో అది లేదు. ఆవిడ ముఖంలోంచి రంగు దిగిపోవడం చూసి నిజమేనని తెలిసింది.

“ఎక్కణ్ణించి చూశారు?”

“టీ కొట్లోంచి.”

“ఎంతమంది?”

దర్జీ బాబాయి వైపు చూశాడు. బాబాయి చెప్పాడు: “తొమ్మిది మందిమి అమ్మా.”

“తర్వాత ఎంతమందికి తెలిసింది?”

“వీధికంతా తెలుసమ్మా,” అన్నాడు బాబాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. “మా బైండింగు షాపులో?”

“మీ మేస్త్రీ ఒకసారి బీరువా తాళం పట్టుకొచ్చాడు,” అన్నాను. “అప్పుడు చెప్పాను.”

“ఓహో,” అంది. “నేను ఆలస్యంగా వెళ్ళినప్పుడల్లా ఏడువేళ్ళు చూపించి నవ్వేవాడు. ఏడు నిమిషాలు ఆలస్యమంటున్నాడేమో అనుకునేదాన్ని,” అంది.

వాళ్ళిద్దర్నీ వెళ్ళమంది. దర్జీ గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. “వెళ్ళు అన్నయ్యా,” అంది, కోపం లేకుండానే. అతను చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయాడు.

తాళం గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“నేను సరిగ్గా వెయ్యలేదని ఎందుకన్నారు?” అంది. “తాళం ఊడింది, మీరు నవ్వుకున్నారు. సరే. పైకి వచ్చి ఆ మాట ఎందుకన్నారు?”

నా దగ్గర కథ లేదు. “నవ్వు ఆపుకోవడానికి,” అన్నాను. “ఏదో ఒకటి అనకపోతే నవ్వొచ్చేసేట్టుంది.”

ఆవిడ తల ఊపింది. బట్టల దొంతర తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజునుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టేది, బీపీ బిళ్ళ వేసుకున్నారా అనేది. నేనేదైనా మొదలుపెడితే లేచిపోయేది.

నిజం తెలిసిపోయింది కాబట్టి మర్నాటికల్లా లాగడం మానేస్తుందని అనుకున్నాను. నా కథల్లో అలాగే జరుగుతుంది. మర్నాడూ నలభై తొమ్మిదే లాగింది. డాక్టరు దగ్గరికి మాత్రం తనే బయలుదేరింది. నన్నూ రమ్మంది. అక్కడ అంతా తనే చెప్పింది, నా ఎదురుగానే, ఒక్క ముక్క పెంచకుండా, ఒక్క ముక్క తగ్గించకుండా. తొమ్మిది మంది. మూడు రోజులు. ఏడువేళ్ళు. మా అమ్మాయి నా పక్కనున్న తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది.

“ఈ జబ్బు మీవల్ల వచ్చింది కాదు పెద్దాయనా,” అంది డాక్టరమ్మ. నాకు ఊపిరి వచ్చింది. “అంతకు ముందే ఉంది. మీరు దానికొక సాక్ష్యం తయారుచేసి ఇచ్చారు.” వచ్చిన ఊపిరి వచ్చినట్టే పోయింది.

బయటికి వచ్చాక, నడుస్తూ నడుస్తూ మా ఆవిడ అంది: “ఎంతమందికి చెప్పారో అంతమందికీ చెప్పండి. మొత్తం చెప్పండి. నేను వచ్చి కూర్చుంటాను.”

“ఎందుకే, ఇంకా నవ్వులపాలు...”

“నేనెప్పుడో అయ్యాను. ఇక మీ వంతు.”

రెండురోజుల తర్వాత పొద్దున్న పదింటికి ఆవిడ మెట్లు దిగి వచ్చింది. పైన ఎన్నిసార్లు లాగిందో నేను వినలేదు, నీళ్ళ చప్పుడులో అది వినబడకుండా వీధి కుళాయి దగ్గర నిలబడ్డాను. ఇక ఆవిడ లాగుడు లెక్కపెట్టకూడదనుకున్నాను. వచ్చి, టీ దుకాణం బెంచీ మీద కూర్చుంది. ఎదురింట్లో ఇన్నేళ్ళుండి ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. కూర్చుని ముందు మా గుమ్మం వైపు చూసింది. అక్కణ్ణించి అది ఎంత బాగా కనబడుతుందో చాలాసేపు చూసింది.

బాబాయి, దర్జీ, ఆ రోజు ఉన్నవాళ్ళలో మిగిలిన మరో ఇద్దరు, రోజూ వచ్చే బస్సు కండక్టరు ఒకడు. నేను మొదలుపెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఎప్పుడూ మొదలుపెట్టేట్టే మొదలుపెట్టాను. గొంతు అలవాటుగా లేచింది. “నాలుగు... అయిదు... ఆరు...” అన్నప్పుడు చెయ్యి కూడా గాల్లోకి లేచింది. కండక్టరు ముందుగానే నవ్వడం మొదలెట్టాడు, కథ అతనికి తెలుసు. దర్జీ అతని మోకాలు మీద చెయ్యి వేసి ఆపాడు.

“ఏడోసారికి ఊడింది,” అన్నాను. అక్కడ ఆగేవాణ్ణి ఎప్పుడూ. ఎవరూ నవ్వలేదు. తర్వాత ముక్కకి నా దగ్గర అలవాటైన గొంతు లేదు.

“పైకి వెళ్ళాను. నువ్వు సరిగ్గా వేసి ఉండవు అన్నాను. ఈవిడ ఆ మాట నమ్మింది. ఇరవై రెండేళ్ళు.”

పాలు పొంగి స్టవ్వు మీద చుయ్యిమన్నాయి, బాబాయి కదల్లేదు. కండక్టరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, “నాకు ఆ ముక్క తెలీదు పెద్దమ్మా,” అన్నాడు. ఆవిణ్ణి ఆ బెంచీ మీద ఇన్‌స్పెక్టరు అనకుండా ఒకరు పిలవడం అప్పుడే మొదటిసారి విన్నాను.

“మూడురోజులు అరగదీశారు. అది చెప్పలేదు మీరు,” అంది మా ఆవిడ.

“మూడురోజులు అరగదీశాను,” అన్నాను.

ఆవిడ లేచింది. టీ గ్లాసు బల్లమీద పెట్టి, బాబాయితో స్టవ్వు మంట తగ్గించమని చెప్పి, వీధి దాటింది. నేను వెనకాలే వెళ్ళాను, నాలుగడుగుల దూరంలో. పద్నాలుగు మెట్లూ ఎక్కి, తాళం తీసి లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా వదిలింది. వెయ్యలేదు, తియ్యనూ లేదు.

పై మెట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా బెంచీ మీద నుంచి వాళ్ళంతా నన్ను చూస్తున్నారు. మెట్ల మీద కూర్చున్న మనిషి అక్కణ్ణించి ఎంత బాగా కనబడతాడో నాకు తెలుసు. లోపలికి పోలేదు, కిందికీ దిగలేదు.

ఎండ మెట్ల మీదికి వచ్చేవేళకి మా అమ్మాయి వచ్చింది. నన్ను దాటబోయి ఆగింది.

“తలుపు తీసే ఉందిగా. లోపలికి వెళ్ళలేదేం నాన్నా?”

“మీ అమ్మ పిలవలేదమ్మా,” అన్నాను.